తప్పు తీగకు కలిసిన దీపం

పోలీసు ఇన్‌స్పెక్టరుకు నేను చెప్పిన అబద్ధం మూడు మాటలు.

"సరిగ్గానే ఉండాది, సార్."

అంతే. 1939 సెప్టెంబరు ఎనిమిది, శుక్రవారం, మధ్యాహ్నం మూడు దాటింది. ఆ మాటలు పలకడానికి రెప్పపాటు పట్టింది. రెండు నెలల్లో మా ఊళ్లో ఒక ఇల్లు ఖాళీ అయింది.

ముందు దీపం సంగతి చెప్పాలి.

మా ఊరు ఎర్రదొడ్డి, కోడుమూరుకు ఆరు మైళ్లు. బస్సు ఆగేచోట, పోలీసు ఠాణాకు ఎదురుగా నా రేకుల షెడ్డు. బస్సుల బ్యాటరీలకు ఛార్జింగు, సైకిలు దీపాలు, టార్చిలైట్లు, గ్రామఫోన్లు, ఇంకా తీగ అన్నది ఉన్న ప్రతి వస్తువూ నా దగ్గరికే వచ్చేది. లేవి చెయ్యి పడితే చచ్చిన దీపం కూడా లేచి కూర్చుంటుందని బస్సు డ్రైవర్లు అనేవారు. వాళ్లకంటే ఎక్కువగా నేను నమ్మేవాణ్ణి.

ఆ ఆగస్టు చివరి వారంలో ప్రేమయ్య అయ్యవారు సైకిలు నడిపించుకుంటూ షెడ్డు ముందుకు వచ్చారు. వెనక క్యారియరు మీద గొంగళిలో చుట్టిన పెట్టె ఉంది. తొక్కితే యంత్రం అదురుతుందని మైలు దూరం నడిచే వచ్చారు.

"ఏమప్పా లేవీ, నీ ఆసుపత్రిలో పడక ఖాళీ ఉండాదా?"

"మీకు లేకుండా పోతాదా అయ్యోరూ. ఎవరికి జబ్బు?"

"దీపానికి. ఒకపొద్దు ఎలుగుతాది, ఒకపొద్దు అలుగుతాది. మీ అక్కకన్నా మొండిదైపాయె."

మీ అక్క అంటే ఆయన భార్య విశ్వాసమ్మ. నేను గొంగళి విప్పాను.

ప్రేమయ్య గారు మిషన్ బడిలో లెక్కలు, సైన్సు చెప్పేవారు. సర్కారు లైసెన్సుతో వైర్‌లెస్ పంపే యంత్రం మా చుట్టుపక్కల ఆయన ఒక్కరి దగ్గరే ఉండేది. ఒక చెక్కపెట్టె, దానిలో రెండు గాజు వాల్వులు, ముందు ఒక మీట, ఇంటి చూరు నుంచి వేపచెట్టుకు కట్టిన రాగి తీగ. బడి అయ్యాక ఆ మీట టకటకలాడించి సిలోనులో ఎవరో దొరతో, రంగూనులో ఎవరో తెలుగు గుమాస్తాతో మాట్లాడేవారు. రాజ్యాల సంగతులు కావు. ఈడ వాన లేదు, ఆడ పడిందా? అంతే.

పెట్టె ముందు భాగంలో ఎర్ర గాజుబిళ్ల, దాని వెనక శనగగింజంత బల్బు. ఆకాశానికి పోయే తీగ మధ్యలో ఉంటుందది. మీట నొక్కితే కరెంటు బల్బు గుండా తీగలోకి పోతుంది, పోతూ దాన్ని వెలిగిస్తుంది. దీపం వెలిగిందంటే మాట ఊరు దాటినట్టు. వెలగలేదంటే మాట పెట్టెలోనే ఉన్నట్టు. ఏటా ఆరో తరగతి పిల్లలను ఇంటికి పిలిచి చూపించేవారు. మా ఊళ్లో మీసం వచ్చిన ప్రతి మగవాడికీ ఆ పాఠం నోటికి వచ్చు.

"బల్బు బాగానే ఉండాది," అన్నారాయన. "అది కూచునే తావులో చిలుము పట్టినట్లుంది. గీకి బాగు చెయ్యి. బల్బు మాత్రం పదిలమప్పా. శానా సన్న తీగది. ఇట్లాంటిది మద్రాసులో కూడా అడిగిన వెంటనే దొరకదు. నా యంత్రానికి బలం తక్కువ, లావు బల్బును ఎలిగించలేదు."

"ఎప్పటికి కావాల?"

"శనివారానికి. సోమవారం సాయంత్రం రంగూనాయన కాచుకొనుంటాడు. కూతురి పెండ్లి కుదిరిందో లేదో చెప్తానన్యాడు. దీపం లేకుంటే నా మాట పోయిందో లేదో నాకెట్ల తెలియాల? గుడ్డోడు జాబు రాసినట్లుంటాది."

నాకు టంకం పెట్టడం నేర్పింది ఆయనే. తీగను తీగకు సీసంతో అతికే ఆ పనిలో ఆయనకొక పద్ధతి ఉంది. మూడు చుట్లు ఎడమకు తిప్పి, కొసను వెనక్కి మడిచి, అప్పుడు కాలిన కడ్డీ ఆనించాలి. ఊడమన్నా ఊడదు. ఆ అతుకు మా ఊళ్లో ఇద్దరికే వచ్చు.

గురువారం పొద్దున పని మొదలుపెట్టాను. షెడ్డులో వెలుతురు తక్కువ. అందుకని యంత్రాల పొట్టలో పని చేసేటప్పుడు నా భార్య కృపమణి గడపలో కూర్చుని, ముఖం చూసుకునే అద్దం పట్టి, ఎండను లోపలికి తిప్పేది. నేను పైకి అంటే పైకి, ఎడమకు అంటే ఎడమకు. నాలుగేళ్ల కాపురంలో మేం ఎక్కువగా మాట్లాడుకున్న మాటలు అవే.

చిలుము గీకాను. తావు తళతళలాడింది. బల్బును పట్టకారుతో తీసి తిరిగి పెట్టబోయాను. చేత్తో పట్టుకోవాల్సింది. కానీ డ్రైవర్లు ఇద్దరు నిలబడి చూస్తున్నారు, పట్టకారు తిప్పడంలో నా నేర్పు వాళ్లకు చూపించాలనిపించింది.

బల్బు జారి బండ మీద పడింది. పేను నలిపినంత శబ్దం.

డ్రైవర్లకు తెలియలేదు. బస్సు హారను మోగితే వెళ్లిపోయారు. గడపలో అద్దం కదిలింది.

"పోయిందా?" అంది కృపమణి.

"పోయింది."

"పోయి అయ్యోరికి చెప్పు మామా. ఏమీ అనడాయన."

"చెప్తా. మద్రాసుకు జాబు రాసి ఇంకోటి తెప్పిచ్చి, చేతిలో పెట్టి, అప్పుడు చెప్తా."

"అంతవరకూ దీపం?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. అదే నా దరిద్రం. ఏ ప్రశ్నకైనా నా చేతిలో ఒక జవాబు ఉండేది.

సైకిలు దీపంలోంచి ఒక బల్బు తీశాను. ఆకాశపు తీగలో పెడితే అది వెలగదు, లావుది. కాబట్టి ఆ తీగను నేరుగా కలిపేసి, దీపాన్ని మాత్రం తెచ్చి బ్యాటరీ తీగకు అతికాను. ఇప్పుడు బ్యాటరీ తగిలిస్తే చాలు, మీట నొక్కినా నొక్కకపోయినా ఎర్రగా వెలుగుతుంది. యంత్రానికి నష్టం లేదు. మాట పోతుంది. దీపం ఒక్కటే అబద్ధం.

మూడు చుట్లు ఎడమకు. కొస వెనక్కి. కడ్డీ.

అద్దంలోంచి వచ్చిన ఎండ సరిగ్గా ఆ అతుకు మీదే నిలిచింది.

"ఆ తీగ ఆడిది కాదు కదా?" అంది. నాలుగేళ్లు అద్దం పట్టిన మనిషి. చూడటం నేర్చుకుంది.

"పది దినాలు. అద్దం కదిలిచ్చొద్దు."

శనివారం సాయంత్రం పెట్టె తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. వసారాలో బల్ల మీద పెట్టాను. అప్పుడు ఒక గారడీ చేశాను. ఎడమచేత్తో మీట నొక్కి పట్టుకుని, కుడిచేత్తో బ్యాటరీ తగిలించాను. దీపం వెలిగింది. మీట వల్లే వెలిగినట్టు కనిపించింది. బ్యాటరీ తీసేశాను, ఆ తర్వాతే మీట వదిలాను.

"శభాష్," అన్నారు ప్రేమయ్య గారు. "చూస్తివా విశ్వాసమ్మా, నేను చెప్పలేదూ? లేవి చెయ్యి పడాల."

ఆమె సజ్జరొట్టె, ఊరిమిండి పచ్చడి పెట్టింది. తిన్నాను. తిన్నానని రాయడానికి ఇప్పుడు కూడా సిగ్గుగా ఉంది.

మర్నాడు ఆదివారం. ఆదివారం ఆయన యంత్రాన్ని ముట్టరు, దాని మీద తెల్లగుడ్డ కప్పి మిషన్ గుడికి వెళ్తారు. ఇక సోమవారం సాయంత్రం ఆయన మీట ముందు కూర్చోవాలి, బ్యాటరీ తగిలించాలి, దీపం తనంతట తాను వెలగడం చూడాలి. "ఇదేందిరా లేవీ?" అని అడగాలి. అప్పుడు తల గోక్కుంటూ చెప్పేద్దామని నా లెక్క.

సోమవారం పదిగంటల బస్సులో పేపరు వచ్చింది. ఇంగ్లండు జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది.

పేపరు తీసుకుని పరుగెత్తాను. నేను వెళ్లేసరికి ఆయనకు తెలిసిపోయింది. నిచ్చెనేసుకుని, వేపచెట్టుకు కట్టిన రాగి తీగను విప్పుతున్నారు. ఎవరూ చెప్పలేదు. ఉత్తర్వూ రాలేదు.

"అయ్యోరూ, రంగూనాయన సాయంత్రం కాచుకొనుంటాడు కదా?"

"ఉండనీ. యుద్ధమొచ్చినాక సర్కారు మాట వచ్చేదాకా మన నోరు మనం మూసుకోవాల. పెట్టె మీద గుడ్డ కూడా తీయను నేను."

నాకు ఏమనిపించిందో చెప్పాలి. సంతోషమనిపించింది. ఇక ఆయన దీపం చూడరు. నేను చెప్పాల్సిన పని లేదు.

బుధవారం ఉత్తర్వు వచ్చింది. ఇళ్లలో ఉన్న వైర్‌లెస్ పంపే యంత్రాలన్నీ సర్కారుకు అప్పగించాలి. ఆయన ఆ రోజే జాబు రాసి పంపారు: కిందటి వారం లేవి బాగు చేసిచ్చాడు, తీగ దించాను, మీట ఊడదీశాను, వచ్చి తీసుకుపోగలరు.

గురువారం ఇన్‌స్పెక్టరు మోటారు మా షెడ్డు ముందు ఆగింది. ముందు దీపం ఒకటి వెలగడం లేదు. పది నిమిషాల్లో వెలిగించాను. ఆయన కోస్తా మనిషి. మాట మెత్తన, చూపు మాత్రం కొలబద్ద.

"చేతిపని బాగుంది," అన్నాడు. "సంతలో సర్కారు లౌడ్‌స్పీకరు పెడుతోంది, యుద్ధం వార్తలకు. దాన్ని చూసుకునే మనిషి కావాలి. నమ్మకమైన చెయ్యి కావాలి. నీ పేరు రాయమంటావా?"

"మీ దయ సార్."

"రేపు ఆ మాస్టారి యంత్రం తీసుకుపోవాలి. ఏ స్థితిలో ఉందో రాసుకోవాలట. ఒక బ్యాటరీ పట్టుకుని మూడుకు రా."

శుక్రవారం మూడుకు వెళ్లాను.

వసారాలో ఇన్‌స్పెక్టరు కుర్చీలో, ఒళ్లో కాగితాలతో ఉన్నాడు. కానిస్టేబులు ఉరుకుందప్ప స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఇతను కూడా ప్రేమయ్య గారి బడిలో చదువుకున్నవాడే. పాత అయ్యవారి ముందు టోపీ తీయాలో ఉంచుకోవాలో తెలియక దాన్ని మాటిమాటికీ సర్దుకుంటున్నాడు.

ప్రేమయ్య గారు తెల్లగుడ్డ తీసి మడిచారు. ఊడదీసిన మీటను ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టారు.

"ఇది లేకుండా పలకదు సార్. తీగ చుట్ట ఆ మూలనుండాది. మూగది ఇప్పుడు."

"మంచిది. రాసుకుంటాను." ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగాడు. "బ్యాటరీ తగిలించు."

"ఛార్జి తక్కువుండాది సార్. రేపు..."

"తగిలించవయ్యా."

తగిలించాను.

ఎర్ర బిళ్ల వెలిగింది. మధ్యాహ్నపు ఎండలో కూడా స్పష్టంగా, పండిన మిరపకాయలా.

ఉరుకుందప్ప నోరు జారాడు. చెడ్డ ఉద్దేశంతో కాదు. పాఠం గుర్తొచ్చింది, అంతే.

"అయ్యోరూ... దీపం ఎలుగుతాంది."

"వెలిగితే?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఉరుకుందప్ప మళ్లీ టోపీ సర్దుకున్నాడు. "ఏమీ లేదు సార్."

"వెలిగితే ఏమిటయ్యా?"

"దీపం ఎలిగితే మాట బయటికి పోతాంది అని... బడిలో చెప్పినారు సార్. మాకందరికీ."

ఇన్‌స్పెక్టరు కలం ఆగింది. "మూగది అన్నారే, మాస్టారూ?"

ప్రేమయ్య గారి ముఖంలో ముందు కనిపించింది భయం కాదు, ఆశ్చర్యం. లెక్క తప్పిన అయ్యవారి ఆశ్చర్యం. పెట్టె మూత తెరిచారు. కళ్లజోడు సవరించుకుని, ఎర్ర దీపం నుంచి వేలితో తీగ వెంట నడిచారు. తీగ ఆకాశం వైపు పోలేదు. కిందికి దిగింది. బ్యాటరీ దగ్గర అతుకు మీద వేలు ఆగింది.

మూడు చుట్లు ఎడమకు. కొస వెనక్కి.

ఆ వేలు అక్కడే ఉండిపోయింది. ఆయన నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేది.

"దీపం తప్పు తీగకు కలిసింది, సార్," అన్నారు మెల్లగా. "బ్యాటరీ తీగకు కలిసింది. దీన్నిబట్టి మాట పోయినట్లు కాదు."

"అలాగా." ఇన్‌స్పెక్టరు నన్ను చూశాడు. "దీన్ని కిందటి వారం బాగు చేసింది నువ్వే కదా? దీపం సరిగ్గా ఉందా, లేదా?"

నా చేతిలో ఇంకా బ్యాటరీ తీగ ఉంది. లేదు అనాలి. ఒక్క మాట. అంటే పట్టకారు, బండ, సైకిలు బల్బు, ఎడమచేతి గారడీ అన్నీ బయటికి వస్తాయి. సంతలో లౌడ్‌స్పీకరు పోతుంది. యుద్ధం రోజుల్లో వైర్‌లెస్ పెట్టెలో తీగలు మార్చినవాడు ఎవడని అడుగుతారు. ఇవన్నీ ఆలోచించానని అనుకునేవాణ్ణి చాలాకాలం. నిజానికి ఏమీ ఆలోచించలేదు. నమ్మకమైన చెయ్యి అన్న మాట ఒక్కటే చెవిలో ఉంది.

"సరిగ్గానే ఉండాది, సార్."

ప్రేమయ్య గారు మూత మూశారు. చప్పుడు కాకుండా మూశారు.

"విన్నారుగా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మెకానిక్కు సరిగ్గా ఉందంటున్నాడు. మీరు తప్పంటున్నారు. ఇద్దరిలో ఎవరిది రాసుకోను?"

"నాది రాసుకోండి సార్. దీపం తప్పు తీగకుండాది. ఆ తప్పు నాది."

పెట్టెతో పాటు ఆయన్ను కూడా మోటారు ఎక్కించారు. విశ్వాసమ్మ లోపలి నుంచి కాఫీ గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి వసారాలో నేనొక్కణ్ణే ఉన్నాను.

ఇంటికి వెళ్లేసరికి కృపమణికి వార్త చేరింది.

"అయ్యోరిని కర్నూలుకు పట్టుకపోయినారంట. దీపమెలిగిందంట." పొయ్యి ముందు నుంచి లేచింది. "నిన్నేమన్నా అడిగినారా?"

"అడిగినారు."

"ఏమి చెప్తివి?"

చెప్పాను. పెనం మీద రొట్టె మాడిపోతున్నా ఆమె తీయలేదు.

"పోయి చెప్పు."

"పోతా. రేపు..."

"రేపెందుకు? ఈపొద్దే పో. మోటారు కోడుమూరులో ఆగుతాది."

"నన్ను లోపలేస్తారు మణీ."

"ఏస్తే ఏయనీ. నీకు సంగటి మూట కట్టుకొని నేనొస్తా. ఆయన్ను ఏస్తే విశ్వాసమ్మక్క ఎవరికి చెప్పుకోవాల? అయ్యోరు దొంగ జాబులు పంపినాడని ఊరంతా అంటాండారు. నాకు 'అ' దిద్దిచ్చిన మనిషి మామా!"

"నువ్వు నోరు మూసుకో," అన్నాను. ఆ మాట ఆమెను నేను అంతకుముందు ఎప్పుడూ అనలేదు.

ఆమె మూసుకుంది. నన్ను పట్టుకుపోతారన్న భయం ఆమెకు కూడా ఉంది. ఆ భయాన్ని నేను వాడుకున్నాను.

వారాలు గడిచాయి. కొర్ర కోతలయ్యాయి. గుడిలో ప్రేమయ్య గారి కోసం ప్రార్థన చేశారు, మొదటి ఆదివారం గట్టిగా, మూడో ఆదివారం పొడిగా. తర్వాత ఆయన పేరు ఎత్తలేదు. ఆయన జర్మనీకి వాన సంగతులు పంపేవాడని సంతలో ఎవరో అన్నారు. "వాన సంగతి తెలిస్తే ఇమానాలు ఎప్పుడు రావాల్నో తెలుస్తాది కదప్పా," అని ఇంకొకడు తల ఊపాడు. నవ్వాల్సిన మాట. ఎవరూ నవ్వలేదు.

ఒక మధ్యాహ్నం విశ్వాసమ్మ షెడ్డుకు వచ్చింది. చెప్పులు బయట విడిచింది. షెడ్డుకు ఎవరూ చెప్పులు విడిచి రారు.

"లేవీ, నాకు తీగల సంగతి తెలియదు. నువ్వు పనోడివి. ఆయనకాడ నేర్చుకున్నోడివి. ఆ దీపం ఎందుకెలిగిందో నీకన్నా తెలుసా, నాయనా? తెలిస్తే కర్నూలుకు వచ్చి ఆ దొరలకు ఒక మాట చెప్తావని..."

గడపలో అద్దం పట్టుకుని కృపమణి ఉంది. ఎండ నా చేతుల మీద పడుతోంది.

"నాకేమీ తెలియదక్కా."

ఎండ కదిలింది. గోడ మీదికి వెళ్లి, పైకప్పు రేకుల మీదికి వెళ్లి, మాయమైంది. కృపమణి అద్దం బోర్లించి, విశ్వాసమ్మ చెప్పులు తీసి ఆమె కాళ్ల ముందు పెట్టి, ఆమెతో పాటు నడిచి వెళ్లింది. పొద్దు గూకే వేళకు తిరిగి వచ్చింది. ఆ రోజు నుంచి ప్రతి రోజూ వాళ్లింటికి నీళ్లు మోసింది. నన్ను తప్ప అందరినీ పలకరించింది.

అక్టోబరు చివర సంతలో లౌడ్‌స్పీకరు నిలబెట్టారు. నేనే బిగించాను. దీపంలో తప్పు లేదు, మాటలో తప్పు లేదు. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి మెచ్చుకున్నాడు.

"అన్నట్టు, మీ మాస్టారి సంగతి తేలింది," అన్నాడు, బీడీ అడిగినంత తేలిగ్గా. "వైర్‌లెస్ తెలిసిన దొర ఒకాయన పెట్టె విప్పి చూశాడు. అది ఏమీ పంపలేదట. దీపం బ్యాటరీ తీగకే కలిసి ఉందట."

నా చేతిలో స్క్రూడ్రైవరు నిలిచిపోయింది.

"నువ్వు బిగించినప్పుడు సరిగ్గానే ఉంది కదా? అంటే ఆయనే తర్వాత మూత తెరిచి మార్చాడన్నమాట. తప్పు నాది అని రాసిచ్చాడు కూడా. ఉత్తర్వు వచ్చాక యంత్రం ముట్టుకోవడం నేరమే. ముసలాయన, జైలు వద్దన్నారు. లైసెన్సు రద్దు. బడివాళ్లకు కబురు పెట్టాం. ఇక ఉంచుకోరు."

ఆయన ముట్టుకోలేదు. గుడ్డ కూడా తీయలేదు. అది తెలిసినవాణ్ణి నేనే.

"వేరే ఎవరి పేరన్నా చెప్పినాడా సార్?"

"ఎవరి పేరు?"

"ఊరికే అడిగినా సార్."

నవంబరు రెండో వారంలో తపాలా మనిషి చిన్న పార్శిలు ఇచ్చాడు. మద్రాసు ముద్ర. విప్పితే అట్టపెట్టె, దూది, దూదిలో శనగగింజంత బల్బు. నేను రాసింది ఆగస్టులో. యుద్ధం వల్ల ఆలస్యమైందని లోపల చీటీ.

ఆ రోజే పదకొండు గంటల బస్సు మీద ప్రేమయ్య గారి సామాను ఎక్కిస్తున్నారు. రెండు మంచాలు, ఒక ట్రంకు, పుస్తకాల మూట. బనగానపల్లె పక్కన విశ్వాసమ్మ పుట్టినింటికి పోతున్నారు. సాగనంపడానికి వచ్చింది ఒక్క కృపమణి. బిందెలు అందిస్తోంది. ఊరు మొత్తం చదువుకుంది ఆయన దగ్గర. ఊరు మొత్తానికి ఆ పూట పొలంలో పని పడింది.

నేను అట్టపెట్టె పట్టుకుని దగ్గరికి వెళ్లాను. ఆయన చిక్కిపోయారు. కళ్లజోడు ఒక పక్క దారంతో కట్టి ఉంది.

"మద్రాసు నుంచి వచ్చింది, అయ్యోరూ."

ఆయన బల్బును రెండు వేళ్లతో తీసుకున్నారు. పట్టకారు లేకుండా. ఎండకు ఎత్తి చూశారు.

"మంచిది. ఇదే. ఎంత సన్నగుండాదో చూడు." ముఖం ఒక్క క్షణం పాత ముఖం అయింది. "రంగూనాయన కూతురి పెండ్లి అయిందో లేదో తెలియకపాయె."

"అయ్యోరూ, ఆపొద్దు నేను..."

"నాకు చెప్పొద్దప్పా." బల్బును జాగ్రత్తగా దూదిలో పెట్టి, మూత వేసి, నా చేతికే ఇచ్చారు. "నాకు తెలుసు. తెలిసినోనికి చెప్తే ఏమొస్తాది? తెలియనోళ్లకు చెప్పు."

కోపంగా అనలేదు. తప్పిన లెక్కను మళ్లీ చేసుకురమ్మన్నట్టు అన్నారు. అని, రోడ్డుకు అవతల ఉన్న పోలీసు ఠాణా వైపు ఒకసారి చూసి బస్సు ఎక్కారు. విశ్వాసమ్మ కిటికీలోంచి కృపమణి తల నిమిరింది. నాకు కూడా చెయ్యి ఊపింది. ఆయన ఆమెకు చెప్పలేదని అప్పుడు తెలిసింది.

బస్సు దుమ్ము రేపుకుంటూ మలుపు తిరిగింది.

ఠాణా నలభై అడుగులు. నడిచాను. కృపమణి ఖాళీ చేతులతో అక్కడే నిలబడి నన్ను చూస్తోంది. ఠాణా అరుగు మీద ఉరుకుందప్ప కూర్చుని ఉన్నాడు. అతను కూడా అంతసేపూ బస్సును చూస్తూనే ఉన్నట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నా నోటిదూల లేవప్పా," అన్నాడు. "ఆపొద్దు నేను ఆ మాట అనకుంటే... అన్నం పోతాలేదు నాకు. నువ్వేమో పనిమీద వచ్చినట్లుండావు. లోపల సార్ ఉండాడు. ఏమన్నా చెప్పాల్నా?"

నా చేతిలో అట్టపెట్టె ఉంది. ఎదురుగా, చేయని తప్పుకు ఏడుస్తున్న మనిషి ఉన్నాడు. లోపల కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"ఏమీ లేదప్పా," అన్నాను. "లౌడ్‌స్పీకరు తాళంచెవికి వచ్చినా."

తాళంచెవి తీసుకుని వెనక్కి తిరిగాను. బస్సు ఆగేచోట కృపమణి లేదు.

ఆ సాయంత్రం ఆరింటికి లౌడ్‌స్పీకరు తాళం తీశాను. దీపం వెలిగింది, వార్తలు వచ్చాయి. జనం చుట్టూ చేరారు. "లేవి చెయ్యి పడితే అంతే," అన్నాడు ఎవరో.

మర్నాడు పొద్దున బస్సు డ్రైవరు గ్రామఫోను తెచ్చాడు. మూత విప్పాను. లోపల చీకటి.

"మణీ, అద్దం పట్టు."

వచ్చింది. గడపలో కూర్చోలేదు. అద్దం తెచ్చి నా బల్ల మీద, కడ్డీ పక్కన పెట్టింది.

"నువ్వే పట్టుకో, మామా."

ఇది జరిగి చాలా ఏళ్లయింది. కాపురం చేశాం, పిల్లలను పెంచాం. ఆమె వంట చేసింది, జ్వరం వస్తే నా తల పట్టింది. అద్దం మాత్రం మళ్లీ పట్టలేదు. బల్బు ఇంకా దూదిలోనే ఉంది.

టంకం పెట్టడానికి రెండు చేతులు కావాలి. ఒక చేతిలో తీగ, ఒక చేతిలో కడ్డీ. వెలుతురు పట్టడానికి మూడో చెయ్యి లేదు.